సద్దిమూటలో నీళ్లెన్ని?

యాగంటి గుహలు ఎక్కినా, అహోబిలం కొండలు తిరిగినా, ఆత్మకూరు అడవి దారిన శ్రీశైలం నడిచినా వెంట తిండి ఉండాల్సిందే. ఏది కట్టుకోవాలి, ఏది ఇంట్లోనే తిని బయల్దేరాలి? నంద్యాల జిల్లా నడక దారుల్లో తరాలుగా తేలిన లెక్క ఇది.

కార్తీక మాసంలో ఒక శనివారం తెల్లవారుజామున ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి, అహోబిలం బస్సెక్కేవాళ్ల చేతుల్లోని సంచులు చూడండి. ఎవరు ఎక్కడిదాకా నడుస్తారో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. నాలుగు గిన్నెల క్యారియరు, పెద్ద నీళ్ల క్యాను, చుట్టి పట్టుకున్న చాప ఉన్న కుటుంబం ఎగువ అహోబిలం గుడి పరిసరాలు దాటదు. వీపు సంచీల నిండా చిప్సు, బిస్కెట్లు, రంగునీళ్ల సీసాలు కుక్కుకున్న కుర్రాళ్లు జ్వాలా నరసింహుడి దగ్గరికి ఉరుకులు పరుగుల మీద ఎక్కుతారు. దిగేటప్పుడు నాలుక పిడచగట్టి ఎదురొచ్చేవాళ్ల సీసాల వైపు చూస్తారు. ఒక చిన్న గుడ్డమూట, రెండు సీసాల నీళ్లు మాత్రమే పెట్టుకుని కిటికీ పక్కన కునుకు తీసే పెద్దాయన ఉంటాడే, ఆయన పావన నరసింహుడి దాకా నడిచి సాయంత్రానికి తాపీగా తిరిగొస్తాడు.

ఆయన మూటలో ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. రెండు మూడు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, ఒక ఎర్రగడ్డ, బెల్లం ముక్క. చూడటానికి పేదరికంలా కనిపించే ఈ మూట వెనక మంచి లెక్క ఉంది.

కొండకు తీసుకెళ్లే తిండి అనగానే రుచి, బలం, నిలవ అని మూడు మాటలు చెబుతారు. మూడూ నిజమే. అయితే ఈ మూడింటినీ తేల్చేది నీళ్లు. తిండిలో నీళ్లు ఎక్కువుంటే బరువు పెరుగుతుంది, ఎండకు త్వరగా పాడవుతుంది. తక్కువుంటే తేలికగా ఉంటుంది, నెలల తరబడి నిలుస్తుంది, కానీ దాన్ని మింగి అరిగించుకోవడానికి నీళ్లు వేరే మోయాలి. ఎండు తిండి మీ భుజానికి బరువు తగ్గిస్తున్నట్టే కనిపించి నీళ్ల రూపంలో అప్పు పెడుతుంది. ఆ అప్పు దారిలో ఎక్కడ తీర్చగలరో తెలిసినప్పుడే దాన్ని నమ్ముకోవాలి. అందుకే దారిలో నీళ్లెక్కడ ఉన్నాయో ముందు కనుక్కుని, ఆ తర్వాతే వంటింట్లోకి వెళ్లాలి.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా స్పష్టం. వండిన అన్నంలో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్లే. వంద గ్రాముల వట్టి అన్నం ఇచ్చే శక్తి సుమారు 130 కేలరీలు. అదే వంద గ్రాముల వేయించిన బుడ్డలు 570 దాకా, బెల్లం 380 దాకా ఇస్తాయి. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తే పిండి పదార్థమూ మాంసకృత్తులూ 4 చొప్పున ఇస్తాయి కాబట్టి బుడ్డలకు అంత బలం. కొండ ఎక్కే మనిషికి గంటకు సుమారు 400 కేలరీలు ఖర్చవుతాయనుకుంటే, కిలో పులిహోర మోసి సంపాదించే శక్తిని రెండు గుప్పెళ్ల బుడ్డలు, రెండు రొట్టెలు, ఒక పెద్ద బెల్లం ముక్క కలిసి అందులో సగం బరువు కూడా లేకుండానే ఇంచుమించుగా ఇచ్చేస్తాయి. ఇక తాగే నీళ్లంటారా, ఎండలో ఎక్కేవాళ్లకు గంటకు అర లీటరైనా కావాలి. ఆరు గంటల నడకకు మూడు లీటర్లు, అంటే మూడు కిలోలు. మనం తిండి గురించి పడే తర్జనభర్జన అంతా ఈ మూడు కిలోల పక్కన చిన్నదే.

యాగంటిలో సులువు

ఈ జిల్లాలో మొదటిసారి పిల్లలతో కొండ నడక మొదలుపెట్టేవాళ్లకు యాగంటి మంచి చోటు. బనగానపల్లె నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపే. ఎర్రమల కొండల ఒడిలో ఉమామహేశ్వరస్వామి గుడి, కొండలోంచి వచ్చే ఊట నీటితో ఏడాది పొడవునా నిండుగా ఉండే కోనేరు, గుడి చుట్టూ గుహలు. అగస్త్య గుహకు మెట్లు నిటారుగా ఉంటాయి గాని ఎంతోసేపు పట్టదు. వేంకటేశ్వర గుహ, వీరబ్రహ్మంగారి గుహ కూడా చూసుకుని మధ్యాహ్నం లోపు దిగిపోవచ్చు. ఇలాంటి చోటికి రొట్టెలు ఎండబెట్టుకుని వెళ్లడం అతి. తడి తిండికి తగిన చోటిది. చిత్రాన్నం, పెరుగన్నం, ఓళిగలు, ఏది కావాలన్నా తీసుకెళ్లండి. నడక ముగిశాక కొండ కింద కూర్చుని తినండి. గుహల్లోకి మాత్రం నీళ్ల సీసా, పిల్లల జేబుల్లో గుప్పెడు వేయించిన పప్పులు చాలు.

యాగంటిలో కాకులు కనపడవని అందరికీ తెలిసిన కథే. తపస్సుకు అడ్డొచ్చిన కాకాసురుణ్ణి అగస్త్యుడు శపించాడని, అప్పటినుంచి కాకి ఈ చుట్టుపక్కల వాలదని చెబుతారు. కాకి వాహనంగా ఉన్న శనీశ్వరుడు కూడా ఇక్కడికి రాడని దానికి కొనసాగింపు. కాకుల సంగతేమో గాని కోతులకు ఏ ముని శాపమూ తగల్లేదు. సంచీ చప్పుడు వినగానే వచ్చేస్తాయి. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

బనగానపల్లె దగ్గరి రవ్వలకొండ మీద గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు మేపుతూ వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని ఈ ప్రాంతపు నమ్మకం. ఆ కథ వినేవాళ్లందరికీ తాటాకులు, ఆవుల చుట్టూ గీసిన గీత గుర్తుంటాయి. నాకు మాత్రం పశుల కాపరి సద్ది మీదికి మనసు పోతుంది. పొద్దున ఇల్లు విడిచి పొద్దుగూకితే గాని తిరిగిరాని మనిషికి రాయలసీమ ఇచ్చిన తిండి సంగటి ముద్ద. పైకి తడి తిండే అయినా చేత్తో గట్టిగా ఒత్తి ముద్ద చేయడంతో పగలంతా మెత్తగా ఉంటుంది, కింద నీళ్లు కారవు. మజ్జిగలో కలుపుకుంటే తిండీ తాగుడూ ఒకేసారి అయిపోతాయి. మేతకు పోయే చోట చెలమ ఎక్కడుందో కాపరికి తెలుసు. కాబట్టి మజ్జిగను పలచన చేసుకునే నీళ్లు ఇంటినుంచి మోయక్కర్లేదు.

ఎండాకాలంలో యాగంటి వెళ్లేవాళ్లు బనగానపల్లె మామిడిని సంచీలో వేసుకోకుండా ఉండలేరు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి పేరే ఈ ఊరిది. టెంక, తొక్క పోగా మిగిలేదాంట్లో నీళ్లే ఎక్కువ కాబట్టి నడక లెక్కలో అది ఖరీదైన బరువు. అయినా ఏప్రిల్‌లో బనగానపల్లె మీదుగా పోతూ మామిడి పండు వద్దనే మనిషికి లెక్కలు చెప్పి ప్రయోజనం లేదు. నాలుగు కొని, కారులోనే ఉంచి, దిగివచ్చాక తినండి.

అహోబిలంలో అసలు పరీక్ష

ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లు దాటాక దిగువ అహోబిలం, అక్కడినుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పైకి పోతే ఎగువ అహోబిలం. నవ నారసింహుల్లో యోగానంద, ఛత్రవట లాంటివి బండి పోయే దూరంలోనే ఉన్నాయి. కాళ్లకు పని చెప్పేవి ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వాగు వెంబడి ఎక్కే వరాహ, మాలోల, జ్వాలా నారసింహులు. ప్రహ్లాద బడి, జ్వాలా నరసింహుడి దగ్గరి రక్తకుండం, ఆపైన ఉగ్రస్తంభం కూడా కలుపుకుంటే పొద్దంతా పడుతుంది. పావన నరసింహుడిది అడవిలో మరో దిక్కు, మరో రోజు పని.

ఈ దారిలో బండరాళ్లే ఎక్కువ. చేతులు ఖాళీగా ఉండాలి. ఎగువ అహోబిలంలో ఊతకర్ర తీసుకున్నవాడికి రెండో చెయ్యి ఒక్కటే మిగులుతుంది, అది రాయి పట్టుకోవడానికి. కాబట్టి చేత్తో పట్టుకునే క్యారియరు కిందనే ఆగిపోవాలి. వీపుకు తగిలించుకునే సంచీలో బరువైన నీళ్ల సీసాలు వీపుకు ఆనుకునేట్టు, తిండి వాటి ముందు, తరచూ తినే గింజలు జేబులో. సంచీ సర్దడంలో ఇంతకు మించిన శాస్త్రం లేదు.

భవనాశిని వానాకాలంలో, ఆ వెంటనే వచ్చే నెలల్లో నిండుగా పారుతుంది. జ్వాలా నరసింహుడి దారిలో కొండ అంచు నుంచి నీళ్లు తలమీద పడుతుంటాయి. ఆ కాలంలో నీళ్ల అప్పు తేలికగా తీరుతుంది, వడగట్టి శుద్ధి చేసుకునే మాత్రలో, సీసాకు తగిలించే ఫిల్టరో ఉంటే. పారే నీళ్లు కదా అని నేరుగా తాగడం మన అలవాటు. పైన ఎన్ని వందల మంది స్నానం చేశారో, కోతులు, పశువులు ఏం చేశాయో తెలియని నీళ్లవి. ఎండలు ముదిరాక వాగు సన్నబడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాలలో 43, 44 డిగ్రీలు కొత్తేం కాదు. అప్పుడు తాగే నీళ్లన్నీ మోసుకుపోవాల్సిందే. అందుకే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ నడవడానికి మంచి కాలం.

పులిహోర ఈ దారిలో ప్రతి సంచీలోనూ ఉంటుంది. అది మన పెద్దల తెలివి అనుకోవడంలో పొరపాటు లేదు. చింతపండు పులుపు వల్ల చాలా రకాల సూక్ష్మజీవులు పెరగవు, నూనె ప్రతి మెతుకునూ పొరలా కప్పుతుంది, పులిహోర అన్నం పొడిపొడిగా వండుతారు కాబట్టి తడి తక్కువ. ఉదయం కలిపింది సాయంత్రానికీ బాగుంటుంది. కానీ ఇప్పటి హడావుడిలో చేసే పులిహోర అలాంటిది కాదు. అన్నం మెత్తగా ఉడికించి, వేడి వేడిగా ప్లాస్టిక్ డబ్బాలో నింపి మూత బిగిస్తారు. లోపలి ఆవిరి చల్లారి నీళ్లై మళ్లీ అన్నం మీదే పడుతుంది. పైగా చింతపండు గుజ్జు తగ్గించి నిమ్మరసం చల్లి సరిపెడతారు.

అన్నంతో వచ్చే ప్రమాదం చాలామందికి తెలియదు. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంలో సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికే వేడికి అవి చావవు. వండిన అన్నం గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. వండిన తిండిని మామూలు వాతావరణంలో రెండు గంటలకు మించి, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటకు మించి ఉంచకూడదని ఆహార భద్రత నిపుణులు చెప్పేది ఇందుకే. చింతపండు బాగా పట్టిన పాత పద్ధతి పులిహోరకు ఆ గడువు కొంత సాగుతుంది. కొబ్బరి అన్నానికి, వెజిటబుల్ బిర్యానీకి, ఉర్లగడ్డ కూర పెట్టిన చపాతీకి అస్సలు సాగదు. పెరుగన్నం అయితే ఇంట్లో పాలు ఎక్కువ, తోడు కాస్త వేసి కలుపుకుని వెళితే నాలుగైదు గంటలకు హాయిగా తోడుకుంటుంది గాని, మే నెల ఎండలో అదీ పుల్లబడిపోతుంది.

కాబట్టి తినే వరుస ముఖ్యం. తడివి ముందు, ఎండువి వెనక. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో పొద్దున్నే వేడి వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బస్సెక్కితే మొదటి రెండు గంటల ఎక్కుడుకు అదే ఇంధనం. ఉగ్గాని కడుపులో మోసుకుపోయే తిండి. నానబెట్టిన బొరుగులు మూటగట్టుకుంటే పదింటికల్లా పులుస్తాయి. పులిహోర ఉంటే మొదటి విరామంలోనే, పదకొండు లోపు, వరాహ నరసింహుడి దగ్గరే ముగించేయాలి. అక్కడినుంచి జ్వాల దాకా బుడ్డలు, పప్పులు, బెల్లం. కడుపు నిండా అన్నం తిని నిటారు కొండ ఎక్కితే ఆయాసమే. తిరిగొచ్చేటప్పుడు ఆకలేస్తే రొట్టె.

ఒక మాట అరటిపండు గురించి. మహానంది చుట్టూ అరటి తోటలు ఎక్కువ, నంద్యాల బజారులో పళ్లు చవక, యాత్రికులంతా కొంటారు. సంచీలో అన్నిటికంటే కింద పెడతారు. జ్వాల చేరేసరికి అది గుజ్జు. కొనాల్సింది దోరకాయ, పెట్టాల్సింది సంచీలో అన్నిటికీ పైన. నీళ్లున్న పళ్లే కావాలంటే బత్తాయి మేలు. తొక్క మందంగా ఉన్న బత్తాయి, నిమ్మ, ఎర్రగడ్డ, కీర దోస తమ నీళ్లను తామే భద్రంగా పెట్టుకుని వస్తాయి. కోసేదాకా వాటికి ఎండ తగలదు. రొట్టెతో పాటు ఒక ఎర్రగడ్డ ఎందుకు కట్టుకుంటారో ఇప్పుడు అర్థమవుతుంది.

రొట్టె నడిపించే దారి

ఆకు రాలే కాలం పోయి ఎండ ముదిరే వేళ, ఉగాదికి వారం పది రోజుల ముందు, కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు మీద కన్నడ భక్తుల గుంపులు కనిపిస్తాయి. బాగలకోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపు నుంచి వందల కిలోమీటర్లు కాలినడకన వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఆడపడుచు. చీర, పసుపు కుంకుమలు తెస్తారు. కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం నుంచి అడవిలోకి దిగి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరతారు. అడవి దారే నలభై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పధ్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అంతా శ్రీశైల యాత్ర చుట్టూ తిరుగుతుంది. ఈ నడక ఎంత పాతదో చెప్పడానికి ఈ రెండు చాలు.

దారిలో ఊళ్ల పేర్లు మళ్లీ చదవండి. పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను. చెరువు, బావి, కొలను! విడిది చోట్లన్నీ నీళ్లున్న చోట్లే. ఈ దారిని నీళ్లు గీశాయి. అందుకే ఇక్కడ ఎండు తిండి పనిచేస్తుంది.

ఆ నడిచేవాళ్ల సంచీల్లో ప్రధానంగా ఉండేది కడక్ జొన్నరొట్టె. మరిగే నీళ్లు పోసి పిండి కలిపి, పలచగా తట్టి, పెనం మీద కాల్చి, ఆపైన తడి ఏమాత్రం మిగలకుండా ఆరబెట్టిన రొట్టె అది. విరిస్తే అప్పడంలా విరుగుతుంది. వారాలు నిలుస్తుంది. ఇందులో నూనె వేయరు, వేస్తే నాలుగు రోజులకే కనరు వాసన వస్తుంది. చాలామంది ఉప్పు కూడా వేయరు, ఉప్పు గాలిలో తేమను లాగుతుంది. మన వైపు సజ్జరొట్టె ప్రియులు ఎక్కువే, చలికాలంలో నువ్వులద్దిన సజ్జరొట్టెకు సాటి లేదు నిజమే. కానీ సజ్జలో కొవ్వు జొన్నలో కంటే ఎక్కువ. పిండి త్వరగా చేదెక్కుతుంది. ఇంట్లో తినడానికి సజ్జ, దారికి జొన్న అని నా ఓటు.

కడక్ రొట్టెకు తోడు పొడులు. వాళ్లు శేంగా చట్నీ అంటారు, మనం బుడ్డల పొడి అంటాం. వేయించిన బుడ్డలు, ఎండుమిర్చి, తెల్లగడ్డ, జీలకర్ర, ఉప్పు కలిపి దంచింది. ఇంకో రకం గురెళ్ల పొడి. తినేటప్పుడు ఇంత పెరుగో మజ్జిగో దొరికితే కలుపుకుంటారు, దొరక్కపోతే వట్టి పొడే. గట్టి రొట్టెను నీళ్లు చిలకరించి మెత్తబరుచుకుంటారు. దారి పొడవునా అన్నదాన శిబిరాల్లో పప్పు, సాంబారు పెడితే అందులో విరిచి వేసుకుంటారు. మూటలోంచి తీసేసిన నీళ్లను విడిదిలో మళ్లీ కలుపుకోవడం ఇది. ఎత్తైన కొండలెక్కేవాళ్ల కోసం యంత్రాలతో తడి తీసేసిన తిండి పొట్లాలు వేల రూపాయలకు అమ్ముతున్నారు. వాటి మీద రాసి ఉండే సూచన కూడా ఇదే: నీళ్లు కలిపి తినండి.

జొన్న ఈ నేలకు పరాయిది కాదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం పేరుతోనే నంద్యాల తెల్ల జొన్న రకాలు ఉన్నాయి. ఎన్‌టీజే అని పొడి అక్షరాల్లో రైతులంతా పిలిచేవి అవే. కొర్రల్లో సూర్యనంది కూడా ఇక్కడిదే. నల్లరేగడి నేలల్లో, వాన పోయాక మిగిలిన చెమ్మ మీద పండే జొన్న, ఎండు దారుల్లో నడిచేవాడి మూటలోకి చేరడం కాకతాళీయం కాదు. కొర్రన్నం కూడా మంచిదే గాని, వండాక అదీ తడి తిండే. చిరుధాన్యం అని పేరున్నంత మాత్రాన ఎండలో పాడవకుండా ఉండదు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక సంచుల్లో కొర్ర ఉప్మా డబ్బాలు పెరిగాయి, మధ్యాహ్నానికి వాటిని పారబోయడమూ పెరిగింది.

ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయల్దేరి అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ కాశీ వెళ్లాడు. ఆయన దినచర్యలు కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. పల్లకీలు, బోయీలు, పరివారం వెంట ఉన్న మనిషి ఆయన. అయినా విడిది చేసిన ఊళ్ల గురించి రాసేటప్పుడు ఆయన దృష్టి పడేది నీళ్ల వసతి మీద, వంట సామాను దొరుకుతుందా లేదా అన్నదాని మీద. తెలుగు యాత్రాసాహిత్యానికి పెద్దదిక్కైన ఆ పుస్తకాన్ని దర్శనాల కోసం చదివేవాళ్లే ఎక్కువ. దారి తిండికి జాబితా రాసుకునేవాళ్లు కూడా ఒకసారి చదవాలి.

నిప్పు లేకుండా తిండి

తొలి ఏకాదశికి మన ఇళ్లలో చేసే పేలపిండి ఉంది. జొన్నలను పేలాలుగా వేయించి, విసిరి, బెల్లం, యాలకులు కలిపిన పిండి. ఆ రోజు దేవుడికి పెట్టి, పిల్లల చేతుల్లో కాస్త పోసి, మళ్లీ ఏడాదిదాకా మరిచిపోతాం. నడకకు ఇంతకు మించిన తిండి దొరకడం కష్టం. ధాన్యం ముందే వేగిపోయింది కాబట్టి మళ్లీ వండక్కర్లేదు. గ్లాసు నీళ్లలో కలిపితే తాగవచ్చు, కొంచెం నీళ్లతో ముద్ద చేస్తే తినవచ్చు. టిబెట్ వాళ్ల త్సంపా అచ్చంగా ఇదే పద్ధతి, జొన్న బదులు బార్లీ, బెల్లం నీళ్ల బదులు వెన్న వేసిన తేనీరు. బిహారు కూలీలు మెడలో తువ్వాలు కొసన కట్టుకునే సత్తు కూడా వేయించిన శనగల పిండే. ముగ్గురికీ ఒకటే అవసరం వచ్చింది: దారిలో పొయ్యి వెలిగించకుండా కడుపు నింపుకోవడం.

సైన్యానికీ అదే అవసరం. మైసూరులో 1961లో మొదలైన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల చేసిన పని చాలావరకు దీని చుట్టూనే ఉంది. నెలల తరబడి చెడని చపాతీలు, వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, పులావు పొట్లాలు అక్కడి నుంచే వచ్చాయి. అలాంటివి ఇప్పుడు సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతున్నాయి. హిమాలయాలకు వెళ్లేవాళ్లకు అవి పనికొస్తాయి. నల్లమలలో మాత్రం వాటికి ఒక చిక్కుంది. వేడినీళ్లు కావాలి, అంటే నిప్పు కావాలి.

రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, మాఘం దాటాక నల్లమల నేల మీద మోకాలెత్తున ఎండుగడ్డి, ఆకులు ఉంటాయి. అక్కడ మూడు రాళ్లు పెట్టి మ్యాగీ ఉడికించి వీడియో తీసుకునే సరదా ఈమధ్య పెరిగింది. ఆ సరదా కోసం వందల ఎకరాలు కాలబెట్టే హక్కు ఎవరికీ లేదు. రెండు నిమిషాల నూడుల్స్ అంతగా తినాలనిపిస్తే ఆళ్లగడ్డలో తినండి.

ఉప్పు, బెల్లం

చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. వట్టి నీళ్లు లీటర్లకొద్దీ తాగి ఉప్పు తినకపోతే తలనొప్పి, వికారం, తిమ్మిర్లు వస్తాయి. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు సంచీలో పడేసుకుంటే బరువు తెలియదు. అవి లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, అంతకు మించి ఉప్పు పడకూడదు. మామూలు చెమటకు ఊరబెట్టిన నిమ్మకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగినా సరిపోతుంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు బెల్లం, పాకం ఉండలు చూసి భయపడి వట్టి చేతులతో కొండెక్కడం ఇంకా ప్రమాదం. మందు వేసుకుని అలవాటు లేనంతగా నడిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. వాళ్ల జేబులో గ్లూకోజు గాని బెల్లం గాని తప్పక ఉండాలి, వెళ్లేముందు వైద్యుణ్ణి ఒక మాట అడగాలి.

మూట వాసన ఎవరికి తెలుస్తుంది

యాగంటిలోనూ ఎగువ అహోబిలంలోనూ కోతులు మనిషిని చూడవు, సంచీని చూస్తాయి. అందులోనూ ప్లాస్టిక్ సంచీ అంటే వాటి లెక్కలో తిండే. గుడ్డసంచీ కనిపిస్తే అంత ఆసక్తి చూపవు. చేత్తో పట్టుకున్న కొబ్బరిచిప్ప, అరటిపండు క్షణంలో పోతాయి. వీపుకు తగిలించుకుని జిప్పు వేసిన సంచీ జోలికి సాధారణంగా రావు. పిల్లల చేతికి చిప్స్ ప్యాకెట్ ఇచ్చి ముందు నడిపించడం మాత్రం కోతికి ఆహ్వాన పత్రిక రాసినట్టే.

కోతికి తిండి వేయడం పుణ్యమని చాలామంది నమ్మకం. ఆ పుణ్యం వల్లే అవి అడవి విడిచి మెట్ల మీదికి, రోడ్ల మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి. అహోబిలం చుట్టూ ఉన్నది గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం. శ్రీశైలం దారి మొత్తం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. చిరుతలు, ఎలుగులు తిరిగే చోటు. తేనె, ఇప్పపూలు మరిగిన ఎలుగుకు మన తీపి వాసనలు దూరం నుంచే తెలుస్తాయి. ఉప్పు, కారం అంటుకున్న పొట్లాన్ని దుప్పి నాకుతూ నాకుతూ మింగేస్తుంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో పళ్లాలు, గ్లాసులు, చెంచాలు ఉన్నాయి గాని చిప్స్ ప్యాకెట్ లేదు. దాన్ని ఇంటిదగ్గరే విప్పి, ఉన్న సరుకును గుడ్డసంచీలో పోసుకుపోవడం మన చేతిలో పని.

మూటకు వాడే సరుకు కూడా తిండి ఎంపికలో భాగమే. రొట్టెలకు ఉతికిన నూలుగుడ్డ మేలు, తడిని లాగి గాలి ఆడనిస్తుంది. పొడులకు చిన్న స్టీలు డబ్బా. పులిహోరకు అరటాకు, దానిపైన ఒక పేపరు, అది కూడా పూర్తిగా చల్లారాకే. పళ్లెం కావాలంటే మోదుగాకు విస్తరి. తిన్నాక అది నేలలో కలిసిపోయేదే అయినా కిందికే తెచ్చేయండి, దాని మీద మిగిలిన మెతుకుల కోసం మళ్లీ కోతులే వస్తాయి. బత్తాయి తొక్క, అరటితొక్క కూడా అంతే. తిండి అయిపోయిన సంచీలో చెత్తకు చోటెలాగూ ఉంటుంది.

ఇక ఎంత కట్టుకోవాలి? జ్వాలా నరసింహుడి దాకా పోయి రావడానికి మనిషికి రెండు జొన్నరొట్టెలు, నాలుగు చెంచాల బుడ్డల పొడి, వంద గ్రాముల వేయించిన బుడ్డలు, యాభై గ్రాముల పప్పులు, అంతే బెల్లం, ఒక ఎర్రగడ్డ, ఒక బత్తాయి, ఒక నిమ్మకాయ. బత్తాయితో కలిపి కిలో దాటదు. అదనంగా ఒక పూటకు సరిపడే పేలపిండి పొట్లం అడుగున ఉంచాలి. దారి తప్పినా, కాలు బెణికి ఆలస్యమైనా తప్ప దాన్ని విప్పకూడదు. నీళ్లు మూడు లీటర్లు, వానాకాలం తర్వాతైతే రెండు లీటర్లు, ఫిల్టరు. శ్రీశైలం అడవి దారికైతే రోజుకు ఇంతే చొప్పున లెక్కేసి, ఉగాది, శివరాత్రి రోజుల్లో అన్నదానం దొరుకుతుంది కాబట్టి సగం తగ్గించుకోవచ్చు. ఆ రోజులు కాకుండా వెళ్లాలంటే ముందు అటవీశాఖను అడగాలి, తిండి సంగతి ఆ తర్వాత.

నాటుకోడి పులుసు, రాగి సంగటి, వేడి అన్నంలో పప్పు, గోంగూర, గడ్డ పెరుగు, ఇవన్నీ ఎక్కడికీ పోవు. చీకటి పడే వేళకు ఆళ్లగడ్డలో దిగితే, బస్టాండు చుట్టుపక్కల ఏ మెస్సులోనైనా పళ్లెం వేడిగా వస్తుంది.